కల్లు మందు కాదు: ప్రొపోఫోల్‌కు నిద్రపోని ఒక కేసు

రోగి వయసు 46, బరువు 58 కిలోలు. తాపీ మేస్త్రి. సొంతూరు రంగారెడ్డి జిల్లా వైపు, పని మాత్రం హైదరాబాద్ నలుమూలలా. పిత్తాశయంలో రాళ్లు, మూడు నెలలుగా కుడి డొక్కలో పోటు, నూనె వంట తింటే చాలు వాంతులు. లాపరోస్కోపీతో పిత్తాశయం తీసెయ్యాలి. మాకు రోజువారీ ఆపరేషనే, ఆ రోజు లిస్టులో మూడోది. కేసు రాస్తానంటే ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మోతాదులు మాత్రం అనస్థీషియా చార్టులో ఉన్నవే.

మత్తు డాక్టర్‌గా ముందురోజు సాయంత్రం వార్డులో నేనే చూశాను. బీపీ 138/84, పల్స్ 92. షుగర్ లేదు, ఆయాసం లేదు, నోరు బాగా తెరుచుకుంటుంది, మెడ కదులుతుంది. లివర్ ఎంజైములు కాస్త ఎక్కువ. రాళ్లున్నవాళ్లలో అదేం వింత కాదు. చేతులు చాపమంటే వేళ్లు సన్నగా వణికాయి. ఆపరేషన్ అంటే భయం అనుకున్నాను.

"మందు తాగుతారా?" అని అడిగాను.

"ముట్టను మేడం."

భార్య కూడా అందుకుంది: "బ్రాందీ, విస్కీ వాసన గిట్ల అస్సలు పడది మేడం ఆయినెకు. బీడీలు తాగుతడు, గంతే."

ఫారంలో 'మద్యం' అన్న గడిలో 'లేదు' అని రాసి పక్క మంచానికి వెళ్లిపోయాను. నా తప్పు అక్కడ మొదలైంది.

టేబుల్ మీద

మర్నాడు ఉదయం 10.40. మానిటర్లు పెట్టి, ఎడమ చేతికి 18 గేజ్ కాన్యులా పెట్టి, 2 మి.గ్రా. మిడజోలం ఇచ్చాను. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో మాట ముద్దగా అవుతుంది, రెప్పలు బరువెక్కుతాయి. ఈయన పైన లైటు వంక చూసి "గిన్ని బుగ్గలు ఎందుకు మేడం ఒక్క పొట్టకు?" అని అడిగాడు. బుగ్గలంటే బల్బులు. ఆ ప్రశ్న అంత స్పష్టంగా వచ్చిందంటేనే నేను ఆగి ఉండాల్సింది.

నిద్రపుచ్చే మత్తు మందు ప్రొపోఫోల్ సిరంజి చేతిలోకి తీసుకున్నాను. ప్రొపోఫోల్ నీళ్లలో కరగదు. అందుకని సోయా నూనెలో కలిపి, గుడ్డు లెసిథిన్‌తో చిలికినట్టు చేస్తారు. ఆ నూనె బిందువులే దానికి పాల తెలుపునిస్తాయి. ఆయన తల తిప్పి చూసి, "తెల్లగ కల్లు లెక్కనే ఉన్నది గదా" అన్నాడు. నవ్వాం. ఆయనా నవ్వాడు.

నొప్పి తెలియకుండా చేసే ఫెంటనిల్ 100 మైక్రోగ్రాములు, ఆ వెనకే ప్రొపోఫోల్ 120 మి.గ్రా., అంటే కిలోకు 2 మి.గ్రా. చొప్పున. "మండుతున్నది" అని చెయ్యి ముడుచుకున్నాడు. ప్రొపోఫోల్ నరంలోకి వెళ్తే మండటం మామూలే. ఒక ఆవలింత వచ్చింది, రెప్పలు పడ్డాయి. ఈ మోతాదుకు నలభై సెకన్లలో కనురెప్ప వెంట్రుకలు తాకినా చలనం ఉండకూడదు. తాకాను. రెప్ప టపటపలాడింది. పేరు పెట్టి పిలిచాను. కళ్లు తెరిచాడు. "ఇంక ఇయ్యలేదా మేడం?"

కాన్యులా చూశాను, చుట్టూ వాపు లేదు, డ్రిప్ ధారగా వెళ్తోంది. వయల్ మీద పేరు, గడువు తేదీ చదివాను. ఇంకో 40 ఇచ్చాను. అర నిమిషం ఆగి ఇంకో 40. మొత్తం 200 మి.గ్రా. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు, రెప్ప చలనం మాత్రం పోలేదు. ఈలోగా బీపీ 138 నుంచి 98కి దిగింది.

తల దగ్గర నిలబడ్డ మా ఓటీ టెక్నీషియన్ వికారాబాద్ వైపు కుర్రాడు. ఒక్క క్షణం చూసి, రోగి చెవి దగ్గరకు వంగాడు. "అన్నా, కల్లు దాగుతవా?"

"దాగుత."

"ఎన్ని?"

"పొద్దుగాల రెండు... పొద్దుమీకి మూడు."

200 మి.గ్రా. ప్రొపోఫోల్ లోపలున్న మనిషి సీసాల లెక్క తప్పకుండా చెప్పాడు.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఇంకో వయల్ కొట్టి నిద్రపోయేదాకా ప్రొపోఫోల్ పోస్తూ పోవడం. చాలామంది చేసేది అదే, నేనూ ఇదివరకు చేశాను. కానీ అలవాటు పడ్డది మెదడు. రక్తనాళాలు పడలేదు. వాటిని బిగబట్టి ఉంచే సానుభూతి నాడుల పట్టును ప్రొపోఫోల్ ఎప్పటిలాగే వదులు చేస్తుంది. మెదడు నిద్రపోయే మోతాదు వచ్చేలోపు బీపీ 70కి చేరవచ్చు. అందుకే ప్రొపోఫోల్ అక్కడితో ఆపేశాను. మాస్క్ పెట్టి సెవోఫ్లురేన్ అనే మత్తు గ్యాసు తెరిచాను, కేటమైన్ అనే ఇంకో మత్తు మందు 50 మి.గ్రా. ఇచ్చాను.

కండరాలను పడగొట్టే అట్రాక్యూరియం సిరంజి కుడి చేతిలోనే ఉంది. నిమిషంన్నర పాటు ఇవ్వలేదు. కండరాలు పడిపోయిన మనిషికి తెలివి ఉందో లేదో చెప్పడానికి వేలు కూడా కదపలేడు. తెలివి పోయిందని నాకు రూఢి కాకుండా ఆ మందు నరంలోకి పోకూడదు. 2014లో బ్రిటన్, ఐర్లండ్‌లలో వెలువడ్డ పెద్ద సర్వేలో, ఆపరేషన్ మధ్యలో తెలివి వచ్చిందని చెప్పినవాళ్లు మొత్తం మీద 19,000 మత్తులకు ఒకరు. కండరాల మందు వాడిన కేసులు మాత్రమే తీసుకుంటే 8,000కు ఒకరు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో ఆ నిమిషంన్నరలో మళ్లీ గుర్తొచ్చింది.

కళ్లు సగం తెరుచుకుని గుడ్లు పక్కలకు ఊగసాగాయి. కేటమైన్ ముఖం అది. పిలిస్తే పలుకు లేదు, దవడ వదులైంది, ఛాతీ మీద గిల్లితే కదలిక లేదు. సెవోఫ్లురేన్ బయటికొచ్చే గాలిలో 2.2 శాతం చూపిస్తోంది. అట్రాక్యూరియం 30 మి.గ్రా. ఇచ్చాను. ట్యూబు మొదటి ప్రయత్నంలోనే వెళ్లింది. బీపీ 116/70.

నూనె, మిణుగురు, ఎలుక

కిలోకు మూడున్నర మి.గ్రా. ప్రొపోఫోల్‌కు నిద్రపోని మనిషి అంత తక్కువ కేటమైన్‌కు, ఒక గ్యాసుకు ఎలా లొంగాడు? ఇది తెలియాలంటే మత్తు మందు అణువు శరీరంలో ఎక్కడికెళ్లి కూర్చుంటుందో చూడాలి. మా వృత్తిలో విచిత్రం ఏమిటంటే, 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో మోర్టన్ అందరి ముందూ ఈథర్ ఇచ్చిన రోజు నుంచి వందేళ్లకు పైగా ఆ సంగతి తెలియకుండానే కోట్ల మందికి మత్తిచ్చాం.

మొదట దొరికింది నూనె. 1899లో మేయర్, 1901లో ఓవర్టన్ ఎవరికి వారుగా ఒకే సంగతి కనిపెట్టారు. ఒక మందు ఆలివ్ నూనెలో ఎంత బాగా కరిగితే అంత బలమైన మత్తు. ఓవర్టన్ తోకకప్పల మీద పరీక్షించి, అవి ఈత ఎప్పుడు మానేస్తాయో చూశాడు. గీత గీస్తే ముచ్చటేసేంత తిన్నగా వస్తుంది. దాంతో నాడీకణం చుట్టూ ఉండే కొవ్వు పొరలోకి మందు చొరబడి, ఆ పొరను వదులు చేస్తుందని, అందుకే అన్ని మందులకూ పద్ధతి ఒకటేనని దశాబ్దాల పాటు నమ్మారు. నేను పీజీ చేసేటప్పుడు కూడా వైవాలో ఇదే మొదటి ప్రశ్న.

పేచీలు తర్వాత బయటపడ్డాయి. ఒంటి వేడి ఒక డిగ్రీ పెరిగినా కొవ్వు పొర దాదాపు అంతే వదులవుతుంది. జ్వరం వచ్చినవాడెవడూ ఆపరేషన్ చేసేంత నిద్రపోడు కదా! గొలుసు పొడుగయ్యే కొద్దీ ఆల్కహాళ్లు నూనెలో ఇంకా బాగా కరుగుతాయి, కానీ డజను కార్బన్లు దాటాక మత్తు గుణం ఉన్నట్టుండి పోతుంది. ఎటోమిడేట్ అనే మత్తు మందుకు కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాంటి రెండు రూపాలున్నాయి. నూనెలో రెండూ ఒకేలా కరుగుతాయి, మత్తు మాత్రం ఒకదానికే గట్టిగా ఉంది. కుడి ఎడమ తేడా నూనెకు తెలియదు. ఆ తేడా తెలియాలంటే చేతికి తగ్గ తొడుగు, అంటే ఒక ఆకారమున్న గుంట, ఎక్కడో ఉండాలి.

1984లో ఫ్రాంక్స్, లీబ్ మిణుగురు పురుగుల్లో వెలుగు పుట్టించే లూసిఫరేజ్ అనే ప్రొటీన్ తీసుకున్నారు. అందులో కొవ్వు పొర లేదు, ఉత్త ప్రొటీన్. రకరకాల మత్తు మందులు కలిపితే వెలుగు మసకబారింది. అదీ జంతువులకు మత్తు ఎక్కే గాఢతల దగ్గరే. మందు వెళ్లి ప్రొటీన్ గుంటలో కూర్చుని, వెలుగు పదార్థానికి చోటు లేకుండా చేస్తోంది. ఆ గుంట కూడా లోపల నూనె గుణంతో ఉంటుంది కనుక మేయర్ గీత అబద్ధం కాలేదు, దానికి చెప్పుకున్న అర్థమే మారింది. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. వానాకాలం చీకట్లో మిణుగురులు కనిపిస్తే ఇప్పటికీ సెవోఫ్లురేన్ గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

మనుషుల్లో ఆ గుంటలు చాలా చోట్ల ఉన్నాయి. ప్రొపోఫోల్‌కు ముఖ్యమైనది గాబా-ఏ రిసెప్టర్, అంటే నాడీకణం పొరలో ఉండే ఒక ప్రొటీన్ తలుపు. బత్తాయి తొనలు ఐదు గుండ్రంగా నిలబెడితే మధ్యలో సందు మిగులుతుందే, అలాంటి నిర్మాణం. ఎక్కువచోట్ల రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక గామా తొన. మెదడులో బ్రేకు వేసే రసాయనం గాబా వచ్చి పైభాగంలో, బీటా ఆల్ఫాల నడుమ, అతుక్కుంటే మధ్య సందు తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి జారతాయి. కణం లోపల రుణావేశం పెరుగుతుంది, ఆ కణం పక్కవాళ్లకు కబురు పంపడం మానేస్తుంది. డయజిపామ్, మిడజోలం, అల్ప్రజోలం లాంటి బెంజోడయజిపైన్లు ఆల్ఫా గామాల నడుమ, కణం బయటి వైపు కూర్చుంటాయి. గాబా ఉంటేనే అవి దాని పని పెంచగలవు, సొంతంగా సందు తెరవలేవు. ప్రొపోఫోల్ ఇంకా కిందికి, కొవ్వు పొర మందంలోకి దిగి, అక్కడ బీటా ఆల్ఫాల మధ్య ఇరుక్కుంటుంది. మోతాదు పెరిగితే గాబా లేకపోయినా సందు తెరిచేస్తుంది. నిద్రమాత్రకూ మత్తు మందుకూ ఉన్న తేడాలో పెద్ద భాగం ఇదే.

ఇది ఊహ కాదని చెప్పింది ఎలుక. 2003లో బీటా-3 తొనలో 265వ స్థానంలో ఉండే ఆస్పరాజిన్ అనే ఒకే ఒక్క అమైనో ఆమ్లం తీసి, మెథియోనిన్ పెట్టిన ఎలుకలను తయారుచేశారు. ప్రొపోఫోల్, ఎటోమిడేట్ ఎంతిచ్చినా కాలు గిల్లితే అవి లాక్కున్నాయి. గ్యాసు మందులకు మాత్రం కొద్దిపాటి తేడాతో మామూలుగానే లొంగాయి. మొత్తం ఎలుకలో ఒక్క ఇటుక మారిస్తే ఒక మందు చెల్లలేదు, ఇంకో మందు చెల్లింది. మా మేస్త్రి సంగతి దీనికి దగ్గరగానే ఉంది. కాకపోతే ఆయన ఇటుకలు మార్చింది ఏ శాస్త్రవేత్తా కాదు, కల్లు కాంపౌండ్.

సీసాలో ఏముంది

తాటి చెట్టు కల్లు, ఈత చెట్టు కల్లు పులిస్తే అందులో నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఆ లెక్కన రోజుకు ఐదు సీసాలంటే అదీ తక్కువేం కాదు. కానీ నగరం చుట్టూ తాగే అన్ని సీసాలకు సరిపడా చెట్లు లేవు. నీళ్లు, శాకరిన్, తెల్లదనానికి ఏదో ఒకటి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఈమధ్య ఎక్కువగా అల్ప్రజోలం కలిపినవి తెలంగాణలో పదే పదే పట్టుబడుతూనే ఉన్నాయి. 2015లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద కట్టడి పెట్టినప్పుడు, తాగినందుకు కాదు, తాగడానికి దొరకనందుకు జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆస్పత్రులకు వచ్చారు.

క్లోరల్‌తో హైదరాబాద్‌కు ఇంకో తిరకాసు చుట్టరికం ఉంది. 1869లో లీబ్రైష్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని నిద్రమందుగా ప్రవేశపెట్టింది, ఒంట్లోకి వెళ్లాక అది క్లోరోఫాంగా మారుతుందని నమ్మి. నమ్మకం తప్పు, మందు మాత్రం పనిచేసింది. నిజానికి అది ట్రైక్లోరోఇథనాల్‌గా మారి, గాబా-ఏ రిసెప్టర్‌నే పట్టుకుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1888, 1889లలో, ఈ ఊళ్లోనే, క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో తేల్చడానికి క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ని రప్పించారు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టు ఒకటే: క్లోరోఫాంతో ముందు ఆగేది శ్వాస, గుండె కాదు, కాబట్టి నాడి చూస్తూ కూర్చోకండి, ఊపిరి చూడండి. వందల జంతువుల మీద చేసిన పరీక్షలతో కమిషన్ ఆయన్నే సమర్థించింది. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలిక క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లుల గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోతుందని చూపించాడు. శ్వాస గురించి లారీ చెప్పింది మంచి మాటే, నాడిని వదిలెయ్యమనడం ప్రమాదం. బీపీ 98 చూసి నేను ప్రొపోఫోల్ ఆపినప్పుడు లారీ మాట వినలేదన్నమాట.

ఇక రిసెప్టర్ సంగతి. రోజుకు ఐదు సీసాల చొప్పున, పద్ధెనిమిదేళ్లు, ఆల్కహాల్, బెంజోడయజిపైన్, క్లోరల్ మూడూ కలిసి ఒకే తలుపును తోస్తూ ఉంటే మెదడు ఊరుకోదు. ఉన్న రిసెప్టర్లలో కొన్నింటిని కణం లోపలికి లాగేసుకుంటుంది. మిగిలినవాటిలో మందు అతుక్కునే చోటుకూ సందు తెరుచుకోవడానికీ మధ్య లంకె సడలుతుంది. ఆల్కహాల్ అలవాటున్న జంతువుల మెదళ్లలో ఆల్ఫా-1 తొనలు తగ్గి, ఆల్ఫా-4 పెరుగుతాయి. ఆల్ఫా-4 ఉన్న రిసెప్టర్‌కు డయజిపామ్ అసలు అంటదు. ఆ గుంటలో హిస్టిడిన్ ఉండాల్సిన చోట ఆర్జినిన్ ఉంటుంది, అంతే తేడా. మిడజోలం ఇచ్చాక ఆయన బుగ్గలు లెక్కపెట్టడానికి కారణం ఇందులోనే ఉంది. ప్రొపోఫోల్ గుంట వేరే అయినా, అది తిప్పాల్సిన యంత్రం అదే. యంత్రాలే తక్కువైతే తాళంచెవి ఏదైనా ఫలితం తగ్గుతుంది.

రెండో వైపు కూడా కథ నడుస్తుంది. బ్రేకు ఎప్పుడూ తొక్కి ఉంచితే బండి నడవడానికి యాక్సిలరేటర్ పెంచాలి. మెదడు తనను ఉత్తేజపరిచే గ్లూటమేట్ అనే రసాయనం రిసెప్టర్లను, ముఖ్యంగా ఎన్‌ఎండీఏ రకాన్ని, పెంచుకుంటుంది. కేటమైన్ చేసేది సరిగ్గా అక్కడే. ఎన్‌ఎండీఏ సందు తెరుచుకున్నప్పుడు లోపలికి దూరి బిరడాలా బిగుసుకుంటుంది. గాబాతో దానికి పెద్దగా పని లేదు. సెవోఫ్లురేన్ గాబా-ఏ మీద ఎటూ పనిచేస్తుంది, దానితోపాటు వెన్నుపాములో గ్లైసిన్ రిసెప్టర్లను పెంచుతుంది, ట్రెక్, టాస్క్ అనే పొటాషియం దారులను తెరిచి కణాన్ని శాంతపరుస్తుంది. ఒక వాకిలి మూసి ఉంటే పెరటి దారి, దొడ్డి దారి అన్నీ తెలిసిన చుట్టం.

కేటమైనే గెలిపించిందని నేను వాదించను. అప్పటికి ఒంట్లో 200 మి.గ్రా. ప్రొపోఫోల్, ఫెంటనిల్, సెవోఫ్లురేన్ అన్నీ ఉన్నాయి. మూడు వేర్వేరు దారుల్లో కొద్దికొద్దిగా నొక్కడం, ఒకే దారిలో బలంగా నొక్కడం కంటే ఆయన బీపీకి మేలు చేసింది. నా వాదన అంతవరకే.

ఆపరేషన్ 70 నిమిషాలు. సెవోఫ్లురేన్‌ను 2.2, 2.4 మధ్యే ఉంచాను. పేషెంటు కదలకుండా ఉండే మోతాదు చాలదా అని మా జూనియర్ అడిగింది. చాలదు. కోత పెట్టినప్పుడు కదలకపోవడాన్ని నిర్ణయించేది ఎక్కువగా వెన్నుపాము. 1994లో మెదడుకు, వెన్నుపాముకు లంకె తెగిన ఎలుకల్లో కూడా కదలిక ఆగే మోతాదు మారలేదని తేలింది. కదలకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. నుదుటి మీది ఈఈజీ మానిటర్ 62 చూపిస్తోంది, మామూలుగా మేం కోరుకునేది 40 నుంచి 60. అంకె వదిలేసి అల చూశాను. నిదానంగా కదిలే పెద్ద అలల మీద సన్నటి వేగపు గీతలు. కేటమైన్ ఆ వేగాన్ని తెస్తుంది, బెంజోడయజిపైన్లు బీటా అలలను తెస్తాయి, యంత్రం ఆ రెండింటినీ మెలకువ కింద లెక్కేస్తుంది. కింద పెద్ద అలలు నిలకడగా ఉన్నాయి కనుక మోతాదు పెంచలేదు. గంటకు కిలోకు 0.5 మైక్రోగ్రాముల చొప్పున డెక్స్‌మెడిటోమిడిన్ మాత్రం కలిపాను. అది గాబాను ముట్టదు, మెదడు కాండంలో ఆల్ఫా-2 రిసెప్టర్ల ద్వారా మెలకువ కేంద్రాన్ని జోకొడుతుంది. చివర్లో శుభ్రంగా లేచాడు.

ఆస్పత్రిలో రెండో రాత్రి

ఓటీ బయటికొచ్చి భార్యను అడిగాను. "కల్లు తాగుతాడని నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మీరు మందు అడిగిన్రు గదా మేడం. కల్లు మందు గాదు గదా. పెండ్లయినప్పటిసంది దాగుతడు, పద్ధెనిమిదేండ్లు. పొద్దుగాల రెండు సీసలు పడకుంటే చేతులు వణుకుతయి, తాపీ పట్టరాదు."

ఏ పుస్తకంలోనూ అంత చక్కటి లక్షణాల వర్ణన చదవలేదు. కేస్ షీట్‌లో 'కల్లు అలవాటు ఉంది' అని రాశాను. రాసి, వార్డుకు ఫోన్ చెయ్యలేదు, కల్లు ఆగిన దెబ్బను ఆపే బెంజోడయజిపైన్ లోరజిపామ్ ఆర్డర్ పెట్టలేదు. తర్వాతి కేసు టేబుల్ మీద ఉంది. ఆ వాక్యం చదివిన డ్యూటీ డాక్టర్‌కు పండగకో పబ్బానికో తాగే కల్లు గుర్తొచ్చి ఉంటుంది, ఆ అబ్బాయి తప్పేం లేదు.

రాత్రి ఒంటిగంటకు ఫోన్. చివరి సీసా తాగి 40 గంటలు. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేత్తో గాలిలోంచి ఏదో అందుకుంటున్నాడు, దాన్ని వరసలో పెడుతున్నాడు, కుడి చేత్తో సున్నితంగా ఒక అంచు లాగుతున్నాడు. మళ్లీ ఇంకోటి అందుకుంటున్నాడు. ఇటుక, మాలు, తాపీ. గోడ కడుతున్నాడు. మధ్యలో ఒకసారి "నీళ్లు గొట్టు" అని నర్సును కసిరాడు. ఒళ్లంతా చెమట. పల్స్ 124, బీపీ 164/98, జ్వరం 99.8.

పిత్తాశయం తీసిన రాత్రి ఇలా ఉంటే ముందు వెతకాల్సింది లీకు, రక్తస్రావం, ఆక్సిజన్ లోపం. పొట్ట మెత్తగా ఉంది, డ్రెయిన్ శుభ్రంగా ఉంది, ఆక్సిజన్ 97, షుగర్ 112, సోడియం మామూలే. మూత్రం స్ట్రిప్ మీద బెంజోడయజిపైన్ గీత తేలింది. నేనిచ్చిన మిడజోలం వల్ల కూడా తేలవచ్చు కనుక దాన్ని పెద్ద సాక్ష్యంగా తీసుకోలేదు. క్లోరల్ ఆ స్ట్రిప్‌కు చిక్కనే చిక్కదు.

డ్యూటీ డాక్టర్ భ్రమలను అణిచే హాలోపెరిడాల్ లోడ్ చేసి ఉంచాడు. వద్దన్నాను, ఫిట్స్ వచ్చే అవకాశాన్ని అది పెంచుతుంది. డెక్స్‌మెడిటోమిడిన్ కూడా ఒంటరిగా వద్దన్నాను. అది పల్స్ దించుతుంది, వణుకు తగ్గిస్తుంది, ఫిట్స్‌ను మాత్రం ఆపదు. మానిటర్ ముచ్చటగా కనిపిస్తూనే రోగి కొట్టుకుంటాడు. బ్రేకు లేక, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉన్న మెదడు అది. బ్రేకే కావాలి. లోరజిపామ్ 2 మి.గ్రా. నరంలోకి, ఇరవై నిమిషాలు చూసి ఇంకో 2. మామూలు మనిషికి 4 మి.గ్రా. ఇస్తే ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఈయన గోడ ఆగలేదు. మొత్తం 8 మి.గ్రా. పడ్డాక మూడింటికి చేతులు దించి పక్కకు ఒరిగాడు. బీ1 విటమిన్ థయమిన్ 200 మి.గ్రా. కూడా ఇచ్చాం, గ్లూకోజ్ సీసా పెట్టకముందే. కట్లు కట్టలేదు. లైటు వెలిగించి ఉంచి, భార్యను పక్కన కూర్చోబెట్టాం.

తర్వాత నోటి డయజిపామ్, రోజురోజుకూ తగ్గిస్తూ. నాలుగో రోజు నన్ను గుర్తుపట్టాడు. మత్తులో ఏమైనా తెలిసిందా అని అడిగాను. "ఆ పిలగాడు కల్లు సంగతి అడిగింది ఇనవడ్డది. బదులు గూడ జెప్పిన. ఎనుక మొకం మీద ఏదో వాసన. గంతే మేడం." తెలివి ఉన్నప్పుడు తెలిసినదే తెలిసింది. అట్రాక్యూరియం పట్టుకుని ఆగిన నిమిషంన్నర వృథా కాలేదు.

ఆరో రోజు డిశ్చార్జి. మానసిక వైద్యుడి దగ్గరికి, ఎర్రగడ్డకు, చీటీ రాస్తే భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎర్రగడ్డకా? నా పెనిమిటి పిచ్చోడా మేడం?" ఆ పేరుకు మన ఊళ్లో అంటుకున్న మచ్చ అలాంటిది. కూర్చోబెట్టి చెప్పాను: పిచ్చి కాదు, ఈ గోలీలు ఒక్కసారే ఆపితే మళ్లీ ఆ రాత్రి లాంటిదే వస్తుంది, అక్కడ మెల్లగా దించుతారు, ఇలాంటివాళ్లను రోజూ చూస్తారు. వెళ్లారు. రెండు నెలలు వెళ్లారని తెలుసు.

మా ఫారంలో ఇప్పుడు 'మద్యం' కింద ఇంకో గడి ఉంది: 'కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, తాగని పూట ఏమవుతుంది'. చివరి ముక్క మేస్త్రి భార్య పెట్టినట్టే. పెట్టిన వారం తిరక్కముందే గర్భసంచి ఆపరేషన్‌కు అరవై ఏళ్ల కూరగాయలమ్మ వచ్చింది. మందు తాగుతావా అమ్మా అని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఛీ, గదేం మాట బిడ్డా" అంది.

"కల్లు?"

"కల్లు దాగకుండ ఎవలుంటరు? పొద్దుగాల ఒకటి, రాత్రికి రెండు."

"తాగని రోజు?"

"తాగని రోజు ఏడున్నది బిడ్డా?"

మూడు అని రాసి, ఆ సాయంత్రమే లోరజిపామ్ ఆర్డర్ పెట్టి, వార్డుకు ఫోన్ చేశాను.